ఆరో గ్లాసు

ముప్పై ఎనిమిదేళ్లుగా ఒకే వైన్ తాగినదాన్ని నేను. మా ద్రాక్షతోటది, మా నేలమాళిగలోది. పక్క ఊరి సీసా మా బల్ల ఎక్కితే మామగారు దాన్ని వాకిట్లో పారబోసి గాని అన్నానికి కూర్చునేవారు కాదు. ఫ్రాన్సులో మా బుర్గుండి సీమలో ఎవరి వైన్ వాళ్లకు అమృతం, పొరుగువాడిది కషాయం.

అలాంటిదాన్ని అరవై రెండో ఏట బోన్ పట్టణానికి దేశదేశాల వైన్‌లు రుచి చూసే పాఠాలకు పోయానంటే సరదాకి కాదు. రుచి చూసి ఒప్పుకునే సంఘంవాళ్లు మా వైన్‌ని వరసగా రెండేళ్లు కాదన్నారు. మూడోసారీ కాదంటే సీసా మీద మా ఊరి పేరు వేసుకోనివ్వరు. అప్పుడది ఏ ఊరిదీ కాని ఎర్రనీళ్లు. ఇదివరకు ఆ సంఘంలో అంతా మా ఊరి ముసలివాళ్లే ఉండేవారు, ఒక్కనాడూ పేచీ పెట్టలేదు. ఇప్పుడు బయటి నుంచి చదువుకున్నవాళ్లొచ్చారు. "శుద్ధంగా లేదు" అని ఒక్క ముక్క రాసి పంపారు.

మా ఆయన అర్మాన్ ఇంతెత్తున లేచాడు.

"శుద్ధంగా లేదా? వాళ్ల మొహాలు! మా తాత నాటి రుచే అది. మన మట్టి వాసన. వాళ్ల ముక్కులు చచ్చాయి."

"ఎవరి ముక్కు చచ్చిందో కనుక్కొస్తా ఉండు," అన్నాను.

"వెళ్లవే తల్లీ, వెళ్లు. దేశాలన్నీ తాగి రా. తూలుకుంటూ వస్తే మాత్రం తలుపు తీయను."

పాఠం మంగళవారం మధ్యాహ్నాలు. పంతులమ్మ కొరాలీకి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నోట్లో పోసుకుని, పుక్కిలించి, బక్కెట్లో ఉమ్మమనేది. చేసినవాడి కష్టాన్ని ఉమ్మడమేమిటని మొదటి వారం నాకు ఒళ్లు మండింది. జార్జియావాళ్లు మట్టి జాడీలు నేలలో పాతి చేసిన పసుప్పచ్చని వైన్‌ని తిట్టాను. జర్మనీవాళ్ల పులుపును తిట్టాను. నాలుగో వారం పోర్చుగల్ గ్లాసు దగ్గర నోరు పెగల్లేదు. అంత బాగుంది పాడుది! సిగ్గు విడిచి చెబుతున్నాను, మంగళవారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను.

ఆరో వారం ఆరు గ్లాసులు పెట్టి, ఏది ఎక్కడిదో చెప్పమంది కొరాలీ. అయిదింటిలో మూడు చెప్పాను. ఆరోది ముక్కు దగ్గర పెట్టుకోగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. తోలు, గుర్రపుశాల, తడిసిన గడ్డి. మా నేలమాళిగ మెట్లు దిగుతున్నట్టే ఉంది.

"ఇది మాదే! మా ఇంటి వైన్! నీకెక్కడ దొరికిందమ్మా?" అని పైకే అరిచేశాను.

పక్కావిడ ఫక్కున నవ్వింది. కొరాలీ నవ్వలేదు.

"మీది కాదు పెద్దమ్మా," అంది మెల్లగా. "చిలీ నుంచి వచ్చింది. చెడిపోయిన వైన్ ఎలా ఉంటుందో చూపిద్దామని తెచ్చాను. పాత పీపా చెక్కలో కంటికి కనపడని క్రిమి చేరుతుంది. అందులోది దేంట్లో పోస్తే దానికీ అంటుకుంటుంది. ఏ దేశంలో చేరినా ఇదే వాసన."

గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

పీపాల్లో వైన్ ఇగురుతూ ఉంటుంది. గాలి చొరబడకుండా వారం వారం ఆ వెలితి నింపాలి. మా ఇంట్లో అది కోడలి పని, నింపేది తాతగారి పీపాలోంచే. దాన్ని ఎన్నడూ ఖాళీ చేయం, కడగం. పాత వైన్ మీదే కొత్తది పోస్తాం. మా రుచికి అదే తల్లి అనుకున్నాం. నేను ఒక్క శనివారం తప్పలేదు. పురిటి నొప్పులు మొదలైన రోజు కూడా చెంబు పట్టుకుని అన్ని పీపాలూ నింపాకే మంచమెక్కాను. ఎంత మురిసిపోయానో దానికి! నా చేతులు విరిగిపోనూ!

ఇంటికి వచ్చేసరికి అర్మాన్ నేలమాళిగలో ఉన్నాడు. గురువారం సంఘంవాళ్లు నమూనాలకు వస్తారు. అన్నిట్లోకీ మంచి పీపా ఎంచి, గ్లాసులో పోసి నాకిచ్చాడు.

"ఏమే, దేశాలన్నీ తిరిగొచ్చావుగా. ఇదెక్కడిదో చెప్పు చూద్దాం."

వాసన చూశాను. అందులో తాతగారి నాటి రుచి లేదు, మా మట్టి లేదు. అదే ఆరో గ్లాసు. రెండో పీపా, మూడో పీపా, చివరిదాకా చూశాను. అన్నీ అవే.

"చెడిపోయాయి అర్మాన్. తాతగారి పీపాలోనే ఉందట జబ్బు. నేనే పోశాను, అన్నిట్లోనూ."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. గ్లాసు తీసుకుని వాసన చూశాడు. కళ్లు మూసుకుని మళ్లీ చూశాడు.

"నాకేం తెలియడం లేదే," అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. "ఇది మన వాసనే కదా?"

"కాదయ్యా."

పీపా మీద చెయ్యి వేశాడు.

"మరి మనదెలా ఉంటుందే? మన తోటది?"

"ఏమో," అన్నాను. "మనమెప్పుడూ తాగలేదు."