హంద్ కోసిన రోజు

“హంద్‌కి పువ్వు విచ్చకముందే ఆకు కోసుకురా. పువ్వొస్తే ఆకు చేదెక్కిపోతుంది. నిఘత్‌కి పాలు చాలట్లేదు, ఆ కూర తింటే పడతాయి,” అంది అత్తగారు రహ్తీ, పొయ్యి ముందు నుంచి తల తిప్పకుండానే.

తస్లీమా సరేనంది. బుట్టా, పాత కత్తీ తీసుకుని ఒంటి మీది పొడుగాటి ఉన్ని చొక్కా, ఫెరన్ మీద శాలువా కప్పుకుంది. గడప దాటుతుంటే అత్తగారు మళ్లీ కేకేసింది. “చేలగట్ల మీద గొర్రెలు తొక్కేసుంటాయి. పైన బాదంతోట దాకా వెళ్లు.” తోట దాకా అంతా కొండ ఎక్కడమే. తస్లీమా దానికీ సరేనంది.

పదకొండు రోజుల క్రితం ఆమెకు ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండాకే పుట్టింది, కానీ ఏడవలేదు. ఆస్పత్రిలో తెల్లగుడ్డలో చుట్టి ఒక్కసారి చూపించారు. భర్త మంజూర్, మరిది కలిసి ఆ పూటే తీసుకెళ్లి పూడ్చి వచ్చారు. మూడో రోజు తస్లీమా అన్న వచ్చి పుట్టింటికి తీసుకెళ్తానంటే రహ్తీ నెమ్మదిగానే చెప్పింది: “చంకలో బిడ్డుంటే నేనే పంపేదాన్ని నాయనా. ఒట్టి చేతులతో వస్తే ఊళ్లో నలుగురూ నలభై ప్రశ్నలేస్తారు. ఇక్కడ పనిలో పడితే తనే మరిచిపోతుంది.” అన్న టీ తాగి వెళ్లిపోయాడు. నాలుగో రోజు నుంచి తస్లీమా పశువుల కొట్టం ఊడ్చింది, నీళ్లు మోసింది, రొట్టెలు కాల్చింది. అయిదో రోజున తోటికోడలు నిఘత్‌కి కొడుకు పుట్టాడు. నిఘత్‌కి తల్లి లేదు, అందుకని పురుడు ఇక్కడే. వెచ్చటి గది, మందపాటి పరుపు, నేతిలో వేయించిన బాదంపప్పు, పూటపూటకీ మాంసం ఉడికించిన చారు అన్నీ ఆమెకు అమిరాయి. వాటిలో చాలావరకు వండింది తస్లీమాయే. తొలిరోజు బాబుని ఎత్తుకోబోతే అత్తగారు అడ్డు వచ్చి, “ఇప్పుడే వద్దులే. నిన్ను ఏదో అనాలని కాదు, పచ్చి ఒళ్లు కదా వాడిది,” అంది. నిఘత్ మొహం గోడవైపు తిప్పుకుంది. తస్లీమా చాచిన చేతులు వెనక్కి తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది.

బాదంతోటలో పూలు రాలడం అప్పుడే మొదలైంది. మంచు కరిగిన నేల మెత్తగా ఉంది. మొదట అంతా ఒకే పచ్చగా కనపడింది. కాసేపు వంగి నిలబడి కళ్లు ఆ పచ్చదనానికి అలవాటుపడనిచ్చింది. చిన్నప్పుడు అమ్మ అలాగే చెప్పేది, వెతక్కు, ఊరికే చూస్తూ ఉండు, అదే నీకు కనిపిస్తుంది అని. అలాగే కనిపించసాగాయి. నేలకు అతుక్కుని రంపపు పళ్లలాంటి అంచులతో హంద్. దాని పక్కన గుండ్రటి ఆకుల సొచల్. రాతిగోడ మొదట్లో పుల్లటి అబుజ్. దానికి కాస్త ఎడంగా, ముట్టుకుంటే మంటపెట్టే సోయ్. బళ్లో పిల్లల పుస్తకంలో హంద్‌ని డాండెలియన్ అని రాసి పసుపుపచ్చ పువ్వు బొమ్మ వేస్తారు గానీ, ఆడవాళ్లకు కావలసింది పువ్వు రాకముందున్న ఆకే. తస్లీమా కూర్చుని వేరు పైభాగాన కత్తి పెట్టి మొక్కను గుత్తిగా కోసింది. కోసిన చోట తెల్లటి పాలు ఊరి ఆమె బొటనవేలి మీదకు జారాయి.

ఆమె వాటిని చూస్తూ ఉండిపోయింది. అదే క్షణాన తన రొమ్ములు బరువెక్కడం తెలిసింది. పొద్దున్నించి రెండుసార్లు గుడ్డ మార్చుకుంది. అయినా ఫెరన్ ముందు భాగం తడిసింది. పాలు ఆగేందుకు గట్టిగా గుడ్డ కట్టుకోమని అత్తగారు చెప్పింది. పక్కగదిలో పిల్లాడు ఏడ్చినప్పుడల్లా ఆ గుడ్డ తడుస్తూనే ఉంది. ఒంటికి ఎవరూ కబురు చెప్పలేదేమో, బిడ్డ లేదని. అది తన పని తాను చేసుకుపోతోంది. ఆమె తల్లయిందని దానికి మాత్రమే తెలుసు.

“ఎన్నాళ్లయిందే?” అన్న మాట వినపడి తల ఎత్తింది. పొరుగింటి అజీజీ. డెబ్బై ఏళ్ల మనిషి, రెండు చెట్ల అవతల కూర్చుని తనూ ఆకు కోస్తోంది. చూపు తస్లీమా ఫెరన్ మీద ఉంది.

“పదకొండు రోజులు.”

“కొండ ఎక్కి వచ్చావా?”

“నిఘత్‌కి హంద్ కావాలంది అత్త.”

అజీజీ చేతుల మట్టి దులుపుకుంది. “నాకు ముగ్గురు పోయారు. ఇద్దరు పుట్టకముందే, ఒకడు పుట్టి రెండు రోజులకి. మూడుసార్లూ వారం తిరక్కుండా పొలంలోకి దిగాను. నాకు హంద్ ఎవరూ వండిపెట్టలేదు. నేనూ అడగలేదులే. ఎవరూ అడిగేవాళ్లు కాదు అప్పట్లో. ఇప్పుడు మెట్లెక్కుతుంటే నడుము అంటుంది, అడిగుండాల్సిందే ముసలీ అని.” ఆమె నవ్వింది. తస్లీమాకు నవ్వు రాలేదు. అజీజీ లేచి తన బుట్టలోంచి రెండు దోసిళ్ల ఆకు తీసి తస్లీమా బుట్టలో వేసింది. “వెళ్లు, ఎండ ముదరకముందే దిగు.”

కాలవ ఒడ్డున కూర్చుని తస్లీమా ఆకు బాగుచేసింది. మంచునీళ్లకు వేళ్లు మొద్దుబారాయి. ఒక్కో గుత్తిలో ఇరుక్కున్న మట్టి, పాత గడ్డి, పండిన ఆకులు. గంటన్నర పట్టింది. ఈ గంటన్నర ఏనాడూ ఎవరి లెక్కలోకీ రాలేదు. కూర బాగుంటే “మా అమ్మ చేతి మహిమ” అనేవాడు మంజూర్. బాగుచేసేప్పుడు ఆమె ఆకుని రెండు కుప్పలుగా వేసింది. ఎందుకలా వేస్తోందో సగం పని అయ్యేదాకా తనకే తెలియలేదు. తెలిశాక కూడా చెయ్యి ఆపలేదు.

ఇంట్లో నాటుకోడి కోసి ఉంది. ఆమె దాన్ని రెండు గిన్నెల్లోకి పంచి, ఒక్కో దాంట్లో ఒక్కో కుప్ప ఆకు వేసి ఉడికించింది. ఒకటి నిఘత్ గదికి పంపింది. రెండో దాంట్లో ఒక తొడ ముక్క, గరిటెడు నెయ్యి వేసి, అన్నం పెట్టుకుని, వంటింటి మధ్యలో చాప మీద కూర్చుంది. మంజూర్, రహ్తీ భోజనానికి వచ్చేసరికి ఆమె మొదటి ముద్ద కలుపుతోంది. పెళ్లయిన ఈ పదేళ్లలో వాళ్లకంటే ముందు ఆమె తినడం అదే మొదలు.

రహ్తీ గిన్నెలోకి చూసింది. “ఇది ఎవరికి?”

“బాలింతకి.”

“నిఘత్‌కి ఇచ్చావుగా ఇందాక.”

“ఇచ్చాను. ఈ ఇంట్లో ఇద్దరం ఉన్నాం అత్తా.”

మంజూర్ చూపు తల్లి మీద నుంచి భార్య మీదకు, అక్కణ్నుంచి తడిసిన ఫెరన్ మీదకు వచ్చి ఆగింది. బహుశా ఇన్ని రోజుల్లో అతను అక్కడ చూడటం అదే మొదటిసారి. “అమ్మతో అలా…” అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు.

ఆకు కాస్త చేదుగానే ఉంది. తస్లీమా తొందరపడకుండా ఎముక కూడా చీకి, గిన్నె ఖాళీ చేసింది. చెయ్యి కడుక్కుని భర్తతో అంది, “మా అన్నకి ఫోన్ చెయ్యి, రేపు వచ్చి తీసుకెళ్లమని. బాలింతకి నలభై రోజులు. పదకొండు ఇక్కడ అయిపోయాయి, ఇరవై తొమ్మిది అక్కడ పడుకుంటాను.”

“ఊళ్లో అడిగితే ఏం చెప్తావు?” అంది రహ్తీ. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

“కూతురు పుట్టిందని చెప్తాను.” తర్వాత మంజూర్ వైపు తిరిగింది. “వెళ్లేముందు, దాన్ని ఎక్కడ పెట్టారో నాకు చూపించు.”