రెండో గొట్టం తౌనో వంతు

నా మొగుడు తౌనో జోడుగొట్టాల తుపాకీ మీద మా మరిది ఆర్వోకి చిన్నప్పటినుంచీ కన్ను. తౌనో పోయి ఏడాదైనా తిరగలేదు. అక్టోబరు వచ్చిందో లేదో, పొద్దున్నే ట్రక్కు దిగి నా వంటింట్లో కాఫీ తాగుతూ మొదలుపెట్టాడు.

"వదినా, నీ ఒంటిగొట్టం తుపాకీ నీకుందిగా. ఇది గోడకి వేలాడి ఏం చేస్తుంది?"

"నీకిస్తే ఏం చేస్తావు?"

"ఎడమ గొట్టం చోక్ తీయించేస్తా. మరీ ఇరుకు. మన పొదల్లో దానికి పనేముంది?"

కుడి గొట్టం మూతి వెడల్పు. గుండ్లు బయటికి రాగానే విచ్చుకుంటాయి, దగ్గరి పిట్టకి అది. ఎడమది మూతి దగ్గర సన్నబడుతుంది, ఆ ఇరుకే చోక్, గుండ్లు దూరందాకా గుత్తిగా పోతాయి. ముందు ట్రిగ్గర్ కుడిదానికి, వెనకది ఎడమదానికి. మేం వేటాడే గ్రౌస్ పిట్ట, అడవికోడి లాంటిది, కాళ్లదగ్గరే లేస్తుంది కాబట్టి ముందు కుడి, తప్పితే ఎడమ. మిషిగన్ ఉత్తరాన మా ఫిన్నిష్ ఇళ్లలో ఇది ఒకళ్లు చెప్పాల్సిన పనిలేదు.

ఆర్వో తుపాకీని గోడ మీంచి దించి అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేంటి వదినా! ముందు ట్రిగ్గర్ కొత్తదాన్లా నల్లగా ఉంది, వెనకదేమో అరిగి తెల్లబడింది. అన్నయ్య వరసే తెలీకుండా బతికేశాడా?"

నాకు ఒళ్లు మండింది. "మీ అన్నకి వరసలు నేర్పే మొనగాడివి నువ్వు! కాఫీ తాగు."

వాడికేం తెలుసు? నా తుపాకీకి ఒక్కటే తూటా. పెళ్లైన కొత్తలో అడవికి తీసుకెళ్లినప్పుడే తౌనో అన్నాడు, "మొదటిది నీది, రెండోది నాది" అని. నేను కుడిపక్క, తను ఎడమపక్క. పిట్ట లేస్తే నేను పేల్చేదాకా ఆగేవాడు. నా గురి తప్పితే, అప్పటికది దూరం పోయేది కాబట్టి, వెనక ట్రిగ్గర్ నొక్కేవాడు. పిట్టను తెచ్చి నా సంచిలో వేస్తూ "నాకోసం వదిలావు కదూ" అని నవ్వేవాడు. నాకు కావలసింది తుపాకీ కాదు. ఎడమపక్కనుంచి వచ్చే ఆ చప్పుడు. దానికోసం ప్రాణం పీకుతోంది. తుపాకీ ఇంట్లో ఉన్నంతకాలం ఆ చప్పుడు కూడా ఇంట్లోనే ఉన్నట్టు ఉంటుంది.

"సరే, పందెం. ఇవాళ దీంతో మొదటి పిట్టను కొట్టానా, నాదే. కొట్టలేదా, పట్టుకుపో" అన్నాను.

"తర్వాత మాట మార్చకూడదు మరి!"

"నోరు మూసి బూట్లు వేసుకో."

ఆస్పెన్ చెట్ల ఆకులు దాదాపు రాలిపోయాయి. సుపీరియర్ సరస్సు మీంచి చలిగాలి కొడుతోంది. నా ఒంటిగొట్టం తుపాకీ ఆర్వో పట్టుకుని నా వెనకాల నడుస్తున్నాడు. ముస్తి, మా ముసలి కుక్క, ఆల్డర్ పొద దగ్గర పిట్ట వాసన పట్టి బిగుసుకుని నిలబడింది.

పిట్ట బుర్రుమని లేచింది. ముందు ట్రిగ్గర్ నొక్కాను. తప్పింది. పిట్ట చెట్ల మధ్యనుంచి తిన్నగా పోతోంది. ఎడమ గొట్టానికి సరిగ్గా సరిపోయే దూరం. అయినా నా వేలు కదల్లేదు. తుపాకీ కాస్త దించి, ఎడమపక్కకి చెవి పెట్టి నిలబడిపోయాను. ఎంత ఆగినా ఏమీ మోగలేదు. పిట్ట కనిపించకుండా పోయింది.

"అయ్యో వదినా, రెండోది పేల్చవేం? ఎదురుగానే ఉందిగా!"

"అది తౌనో వంతు" అన్నాను. అన్నాక గాని నాకే తెలియలేదు, ఏమన్నానో.

ఆర్వో నవ్వబోయి ఆగిపోయాడు. నా చేతిలోని తుపాకీ వైపు, ఆ అరిగిన ట్రిగ్గర్ వైపు చాలాసేపు చూశాడు. నేను తుపాకీ మడత తెరిచి ఖాళీ తూటా తీసేశాను. పేలని రెండోదాన్ని జేబులో వేసుకున్నాను.

"ఇంద, గెలిచావు."

"వద్దులే వదినా. ఊరికే అన్నాను."

"మాటంటే మాటే. ఆ చోక్ జోలికి వెళ్లావో, నిన్ను సావునా ఆవిరిగది పొయ్యిలో పెడతాను."

ఆర్వో దాన్ని తీసుకుని, నా తుపాకీ నాకిచ్చాడు. కొత్త తూటాలు వేసుకుని, నేను అడక్కుండానే నా ఎడమపక్కకి వచ్చాడు.

"నేనెప్పుడు పేల్చాలి?"

"నా తర్వాత. ఆగడం వచ్చా నీకు?"

"నేర్చుకుంటా."

చిత్తడి దాటాక ముస్తి మళ్లీ నిలబడింది. పిట్ట లేచింది. నేను పేల్చాను. తప్పిందా, తప్పించానా అని మాత్రం అడక్కండి. ఆ తర్వాత ఆ కాస్త ఆగడం. అప్పుడు ఎడమపక్కనుంచి మోగింది, అదే చప్పుడు. దూరాన పిట్ట పడింది.

"కొట్టా వదినా! చూశావా? ఇటు చూడు!"

"చూశాలే" అన్నాను. కానీ అటు తిరగలేదు. తిరిగితే అక్కడ ఆర్వో ఉంటాడు.