పదకొండో నంబరు తీగలు

ఫిబ్రవరి ఎనిమిదో తారీఖు. ఆ రాత్రి ముగ్గురూ తిన్నది ఉడకబెట్టిన గుడ్లు, వెన్న రాసిన రొట్టె. చిన్నోడికి అది అంత కచ్చితంగా గుర్తుండిపోవడానికి కారణం తిండి కాదు, తింటున్నంతసేపూ అక్క ఒక్క మాటా మాట్లాడకపోవడం. అక్క నోరు విప్పకుండా భోజనం ముగియడమనేది ఆ ఇంట్లో అంతకుముందెన్నడూ జరగలేదు. గుడ్డు పెంకు సైతం చప్పుడు కాకుండా ఒలిచింది.

చిన్నోడంటే చిన్నవాడేం కాదు. యాభై ఆరేళ్ళు, బట్టతల, సొంతానికో కళ్ళద్దాల దుకాణం. అక్కకు తమ్ముడు కాబట్టి చిన్నోడు. అక్క ఉన్నంతకాలం ఆ హోదాకు ఢోకా లేదు. అక్క బడిలో లెక్కలు చెబుతుంది, సాయంత్రాలు పాడుతుంది. ఆమె పాటకు చిన్నోడు ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. ఫ్రిజ్‌లు బాగుచేసే బావ డ్రమ్స్ కొడతాడు. పెళ్ళిరోజులు, పదవీ విరమణలు, కొత్త దుకాణాల ప్రారంభాలు... ఎవరు పిలిచినా బావ వ్యానులో ముగ్గురూ వెళ్ళి పాడివస్తారు. పెళ్ళికాని రోజుల్లో మొదలైన సరదా ఇంతదాకా సాగింది.

మధ్యలో ఒక్కసారి ఆగింది. భార్య పోయిన ఏడాది చిన్నోడు గిటారును మంచం కిందికి తోసేశాడు. ఓ శనివారం బావ వచ్చాడు. పరామర్శ లేదు, ఓదార్పు లేదు. మంచం కింద దూరి గిటారు బయటికి లాగి, దుమ్ము దులిపి, భుజాన వేసుకుని, "గిటారు మా ఇంటికొస్తోంది. నువ్వూ వస్తే రా," అని వెళ్ళి వ్యానెక్కాడు. చిన్నోడు చెప్పులు వేసుకుని వెనకాలే పరిగెత్తాడు. ఆ రోజు నుంచి శనివారాలు అక్క ఇంట్లోనే అన్నం, అక్క ఇంట్లోనే సాధన. వారంలో మిగతా రోజులు ఆ ఒక్కరోజును పట్టుకుని వేలాడుతుండేవి.

ఇక ఎనిమిదో తారీఖున జరిగిందేమిటంటే, ఒక పదవీ విరమణ సభలో, పాట పైకి వెళ్ళే చోట అక్క గొంతు చీలింది. సరిగ్గా అప్పుడే ముందు వరసలో కూర్చున్న ఒకావిడ గట్టిగా దగ్గింది. అది వచ్చిన దగ్గు కాదు, తెప్పించుకున్న దగ్గు. చిన్నోడు గిటారు వాయిస్తూనే ఆ తల్లికి మనసులో దండం పెట్టుకున్నాడు.

భోజనమయ్యాక చేతులు కడుక్కుంటూ అక్క తేల్చేసింది. "ఇంకోసారి ఇలా అయిందంటే మైకు పెట్టెలో పెట్టి మూసేస్తా. నలుగురిలో నవ్వులపాలయ్యే ఓపిక నాకు లేదు."

బావా బావమరుదులిద్దరూ వాకిట్లో చేరారు.

"శ్రుతి ఓ రెండు మెట్లు దించితే చాలు కదరా. హాయిగా పాడుకుంటుంది," అన్నాడు బావ.

"నువ్వు చెప్తావా బావా?"

"నాకింకా బతకాలనుంది. నువ్వు చెప్పు. తోడబుట్టినవాడివి, కొట్టినా పైకి రాదు."

ఎవరూ చెప్పలేరని ఇద్దరికీ తెలుసు. ఒకసారి ఎవరో ఆ సలహా ఇస్తే, "దిగడం మొదలుపెడితే ఇక వీధిలోకి వచ్చేదాకా ఆగం," అని వాళ్ళకు వీధి చూపించింది అక్క. పోనీ చెప్పకుండా కానిద్దామంటే అదీ కుదరదు. పాట ఎత్తుకునే ముందు అక్క చూపు చిన్నోడి ఎడమచేతి మీద పడుతుంది. ఏ పాటకు ఆ చేయి గిటారు మెడ మీద ఏ మెట్టు దగ్గరుండాలో ఆమెకు కంఠతా వచ్చు. చేయి రెండు మెట్లు అటో ఇటో జరిగిందా, మైకులోనే అడుగుతుంది.

చేయి కదలకూడదు, శ్రుతి దిగాలి. దానికి ఒకటే దారి. తీగలనే వదులు చేయాలి.

చిన్నోడికి అబద్ధాలు కొత్త కాదు. చత్వారం వచ్చిందంటే ముఖం మాడ్చుకునే వాళ్ళతో, "మీ కళ్ళు బాగానే ఉన్నాయండీ, ఈ మధ్య అక్షరాలే మరీ చిన్నగా అచ్చు వేస్తున్నారు," అని అద్దాలు అంటగట్టడం అతనికి రోజూ అలవాటే. అక్కకూ అలాంటి అద్దాలేవో పెట్టాలి, అంతే.

మర్నాడు ఇంట్లో ప్రయత్నించి చూశాడు. అతని గిటారుకు ఉన్నవి తొమ్మిదో నంబరు తీగలు, వెంట్రుకలంత సన్నం. రెండు మెట్లు దించేసరికి బట్టలారేసే తాడులా వేలాడుతూ, మీటితే చాలు జుయ్యిమంటూ మెట్లకు కొట్టుకున్నాయి. అంత కిందికి దించినా బిగువు పోకూడదంటే తీగ లావుగా ఉండాలి.

వాయిద్యాల దుకాణంవాడికి జుట్టు పిలక, చేతినిండా పచ్చబొట్లు.

"పదకొండో నంబరా! ఈ వయసులో హెవీ మెటల్ మొదలెడుతున్నారా సార్?"

"హెవీ అంటే మా అక్కే. మెటల్ సంగతి ఇంకా తెలీదు."

"తొమ్మిది నుంచి ఒకేసారి పదకొండంటే వేళ్ళు మిమ్మల్ని బూతులు తిడతాయి సార్."

"తిట్టనీ. అలవాటే."

తీగల మార్పిడి బావ వర్క్‌షాపులో, తలుపులు ఊడిన ఫ్రిజ్‌ల మధ్య జరిగింది. తీగలు లావైతే అవి కూర్చునే గాడులూ వెడల్పవ్వాలి. కళ్ళద్దాల ఫ్రేములు రాకే సన్నటి ఆకురాయితో చిన్నోడు గాడులను ఊపిరి బిగబట్టి కొంచెం కొంచెంగా రాకాడు. అంతా సవ్యంగా ఎక్కించాక, చేయి తిరిగినవాడు చేసే తప్పే చేశాడు. ఆలోచన ఎటో ఉండి, చేతులు వాటి పాటికవి పాత శ్రుతికే బిగించుకుపోయాయి. లావు తీగలు లాగిన లాగుడుకు, అవతలి కొసలో వాటిని పట్టి ఉంచే బ్రిడ్జి మొసలి నోరు తెరిచినట్టు పైకి లేచింది.

"బావా! లేస్తోంది, లేస్తోంది!"

బావ తాపీగా వచ్చి, వంగి, చూశాడు. "తలుపు సరిగా పడట్లేదు. వెనకాల స్ప్రింగులేవైనా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మరి ముందే చెప్పొద్దూ!" బావ ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళలో గిటారు తనకు అర్థమయ్యే భాష మాట్లాడటం అదే మొదలు. చిన్నోడు తీగలను రెండు మెట్లు దించాడు. బావ వెనకమూత విప్పి స్ప్రింగులు మరో అర చుట్టు బిగించాడు. బ్రిడ్జి నోరు మూసుకుని బుద్ధిగా కూర్చుంది. చిన్నోడు మీటాడు. లోపల ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టు, నిండైన మోత.

వేళ్ళ సంగతి మాత్రం దుకాణంవాడు చెప్పినట్టే అయింది. శనివారానికి నాలుగు వేళ్ళకీ పట్టీలు పడ్డాయి.

"వేలికేమైందిరా?" అంది అక్క.

"ఫ్రేము వేడి చేస్తుంటే కాలింది."

"నాలుగు వేళ్ళూనా?"

"పెద్ద ఫ్రేమక్కా."

బావ దగ్గుతూ డ్రమ్ముల వెనక్కి వంగాడు.

అక్క ఓ చూపు ఎడమచేతి మీద పడేసింది. చేయి ఉండాల్సిన చోటే ఉంది. పాట ఎత్తుకుంది. పైకి వెళ్ళే చోటు రాగానే కళ్ళు గట్టిగా మూసుకుంది. గొంతు, పిల్లి గోడ ఎక్కినట్టు, అలవోకగా పైకెక్కి కూర్చుంది. అక్క కళ్ళు తెరిచింది. మళ్ళీ పాడింది. మళ్ళీ ఎక్కింది.

"చూశారా!" అంది. "వేడినీళ్ళు! వారం రోజులుగా పుక్కిలిస్తున్నా. పైగా ఎనిమిదో తరగతి వెధవల మీద అరవడం మానేశా."

"వేడినీళ్ళ మహిమే వేరు," అన్నాడు బావ, తల ఎత్తకుండా.

తర్వాతి శనివారం అక్క మరీ రెచ్చిపోయింది. గొంతు అందక ఎప్పుడో వదిలేసిన పాటను వెతికి బయటికి తీసింది. వంటింట్లోంచి కూడా పాడుకుంటూ వచ్చింది. ఆ సంబరానికి చిన్నోడు ఆనందపడుతూనే చూపు తీగల మీదికి దించుకున్నాడు. అక్షరాలు చిన్నవయ్యాయని చెప్పినంత తేలికైన అబద్ధం కాదిది.

మార్చి మొదట్లో పళ్ళ డాక్టరుగారి పెళ్ళిరోజు. హాల్లో జనం బాగానే ఉన్నారు. అక్క మొదటి రెండు పాటలూ దంచేసింది. మూడో పాట సగంలో ఉండగా డాక్టరుగారి వియ్యంకుడు లేచాడు. జేబులోంచి మౌత్ ఆర్గాన్ తీశాడు. డాక్టరుగారు కంగారుగా నవ్వాడు. పిల్లనిచ్చుకున్న చోట కూర్చోమని ఎవరనగలరు? వియ్యంకుడు వేదిక దగ్గరికొచ్చి మైకు ముందు నిలబడి, కళ్ళు మూసుకుని ఊదాడు.

రెండు పిల్లుల్ని ఒకే సంచిలో వేసి కుట్టినట్టయింది. మౌత్ ఆర్గాన్‌కు దిగడం తెలీదు. అది పాత శ్రుతిలో ఉంది, పాట రెండు మెట్లు కింద ఉంది. పిల్లలు చెవులు మూసుకున్నారు. బావ కర్రలు గాల్లో ఆగిపోయాయి.

"ఏమ్మా," అన్నాడు వియ్యంకుడు, అదీ మైకులోనే. "ఈ పాట ఇంకా పైన కదూ ఉండాలి? నేను మీ పాట ఎన్నిసార్లు వినలేదూ! దించేశారా ఏమిటి?"

అక్క చిన్నోడి ఎడమచేతి వైపు చూసింది. చేయి ఎప్పుడూ ఉండే చోటే ఉంది. చూపు అక్కడే ఆగి, లావు తీగల మీదికి పాకింది. అక్కడి నుంచి నాలుగు వేళ్ళ పట్టీల మీదికి వచ్చింది. అక్క ముఖంలో లెక్క తెగుతుండటం చిన్నోడికి కనబడింది. ఆమె మైకు పట్టుకున్న చేయి మెల్లగా కిందికి దిగింది. పెట్టె వేదిక మూలనే, మూత తెరిచి ఉంది.

చేయి మళ్ళీ పైకి లేచింది.

"అవునండీ, దించాం," అంది అక్క. "నేనే దించమన్నాను. పైన పాడీ పాడీ విసుగొచ్చింది. మీరీ పాటకి చప్పట్లు కొట్టండి బాబాయిగారూ, మీ చేతులు మంచి శ్రుతిలో ఉన్నాయి."

హాలంతా నవ్వింది, వియ్యంకుడు అందరికంటే ఎక్కువ నవ్వాడు. పాట పూర్తయ్యేదాకా చప్పట్లు కొట్టాడు. ఒక్కటీ తాళంలో పడలేదు. బావ నుదుటి చెమట తుడుచుకుంటూ ఆ చప్పట్ల మధ్య సందులు వెతుక్కుంటూ వాయించాడు.

ఇంటికి చేరాక అక్క పాలు వేడి చేసి ముగ్గురి ముందూ గ్లాసులు పెట్టింది.

"ఎన్నాళ్ళుగా?"

"నాకేం తెలీదు," అన్నాడు బావ.

"గిటారు వెనకమూత మీద గ్రీజు మరక ఎవరిది?"

"...నాదే."

"లెక్కల టీచర్ని. నా దగ్గరే రెండు తీసేస్తే తెలీదనుకున్నారా?"

"తెలియలేదుగా," అన్నాడు బావ. అనకుండా ఉండాల్సింది. చేతి తువ్వాలు వెళ్ళి అతని ముఖాన పడింది.

అక్క కుర్చీ లాక్కుని చిన్నోడి ఎదురుగా కూర్చుంది. అతని చేయి తీసుకుని పట్టీలు ఒక్కొక్కటే విప్పి, కమిలిపోయిన వేళ్ళ కొసలు చూసింది.

"నాతో చెబితే ఏం పోయేదిరా?"

"చెబితే మైకు పెట్టెలో పెట్టేదానివి."

అక్క పట్టీలు ఉండ చుట్టి పక్కన పెట్టింది. "పెట్టేదాన్నే," అంది. తర్వాత, తగ్గు గొంతుతో, "పోయిన గొంతు తిరిగొచ్చిందనుకున్నానురా," అంది.

చిన్నోడు పాల మీద మీగడను చెంచాతో పక్కకు జరిపాడు. "ఎక్కడికి పోయిందక్కా? మేడ మీది నుంచి కింది వాటాలోకి మారింది, అంతే."

"అద్దె ఏమైనా తగ్గుతుందా?"

బావ తువ్వాలు వెనకాల నుంచే కిసుక్కుమన్నాడు. అక్క కూడా నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత మొత్తంగా.

"సరే గానీ," అంది కళ్ళు తుడుచుకుని, "ఇంకో మెట్టు దించు. చివరి చరణంలో ఇంకా మునివేళ్ళ మీదే నిలబడుతున్నా."

"ఇంకోటా! పన్నెండో నంబరు వెయ్యాలక్కా! నా వేళ్ళు..."

"వేళ్ళదేముంది, కాయలు కాస్తే అవే ఊరుకుంటాయి. పాలు తాగు, తొరక కడుతోంది."

గ్లాసులు కడుగుతూ అక్క సన్నగా కూనిరాగం ఎత్తుకుంది. చిన్నోడు చెవి ఒగ్గాడు. ఇంకో మెట్టు కింద. మొదట చీకట్లో నేల తడుముతున్నట్టు నెమ్మదిగా, తర్వాత కాలు ఆనిందని తెలిసినట్టు నిబ్బరంగా. బావ పెదవుల మీద వేలు పెట్టి సైగ చేశాడు. చిన్నోడు వెళ్ళొస్తానని చెప్పలేదు. గిటారు భుజానికి తగిలించుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చి, గడియ టక్కుమనకుండా బొటనవేలితో అదిమి పట్టి, తలుపు మెల్లగా మూశాడు.