పళ్లెంతో లోపలికి వెళ్లిన అమ్మాయి

“మంచినీళ్లు,” అన్నాడు భర్త, తెర మీంచి కళ్లు తిప్పకుండా. ఎవరిని అడిగాడో చెప్పనక్కర్లేదు. ఆ ఇంట్లో ఆ మాటకి కదిలేది కోడలు ఒక్కతే.

ఆదివారం మధ్యాహ్నం భర్త, ఆడపడుచు, అత్తగారు సినిమా పెట్టుకుని సోఫాలో సర్దుకుంటారు. కోడలు వంటింటి గుమ్మానికి భుజం ఆనించి నిలబడుతుంది. పదకొండేళ్లుగా ఏ సినిమానీ పూర్తిగా చూసింది లేదు. పాలు పొంగితే ఓ ముక్క పోతుంది, కుక్కర్ కూస్తే ఇంకో ముక్క. ఏమైందని అడిగితే, “ఏముంది, వాడి ఉద్యోగం పోయింది. నీకు కథెందుకే, పాటలొస్తే పిలుస్తాలే,” అనేవాడు భర్త. అడగడం మానేసింది. మానేశాకే చూడటం మొదలైంది. తను వెళ్లేటప్పుడు నిండుగా ఉన్న గ్లాసు వచ్చేసరికి ఖాళీ అయితే, అక్కడ ఎంతసేపు గడిచిందో తెలిసేది. ఒకడి చొక్కాకి గుండీ లేదంటే వాడినెవరూ పట్టించుకోవట్లేదని తెలిసేది. మాటలు వినబడకపోయినా చేతులు చూస్తే సగం కథ దొరికేది. మిగతా సగం గిన్నెలు తోముకుంటూ తనే అతుక్కునేది. ఇంతమంది ఇంత కష్టపడి తీసేది ఒట్టి పొద్దుపోవడానికేనా అని ఆమెకి ఎప్పుడూ అనుమానమే.

నీళ్లిచ్చి గుమ్మంలోకి వచ్చేసరికి, సినిమాలో కొత్త పెళ్లికూతురు ఖాళీ టీ కప్పుల పళ్లెంతో వంటింట్లోకి వెళుతోంది. తలుపు ఊగి ఆగింది. కాసేపు ఆ మూసిన తలుపే. మళ్లీ తెరుచుకుంది. తల నెరిసిన ఆడమనిషి అదే పళ్లెంతో బయటికొచ్చింది.

“ఎవరీవిడ?” అన్నాడు భర్త.

“ఆ పిల్ల అత్తగారేమో అన్నయ్యా,” అంది ఆడపడుచు.

“కాదు, ఫైలు పాడైంది. మధ్యలో అరగంట ఎగిరిపోయింది.” వెనక్కి తిప్పాడు. మళ్లీ అదే తలుపు, అదే నెరిసిన తల. “చెప్పానా!”

“ఏమీ ఎగరలేదండీ. ఆ అమ్మాయే. ముప్పై ఏళ్లయింది,” అంది కోడలు.

ఆడపడుచు పక్కున నవ్వింది. “ఏం టీ పెట్టిందొదినా, ముప్పై ఏళ్లు!”

“పళ్లెం పట్టుకున్న తీరు చూడు. ఎడమ బొటనవేలు కప్పుకి అడ్డం పెడుతుంది. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.”

భర్త ఇంకోసారి తిప్పాడు. బొటనవేలు కనబడింది.

కోడలు గుమ్మం వదిలి ఓ అడుగు ముందుకేసింది. ఒక్క మాట లేకుండా, ఒక్క తలుపుతో ఎలా చెప్పారు? కావాలనే దాచారు కాబోలు, ఉన్నవన్నీ చూపిస్తే ఇంత తెలిసేది కాదు. తను పోగొట్టుకున్నాననుకునే ముక్కల్లోంచే వీళ్లు కథ అల్లారు. ఇది తీసినవాళ్లు ఏ ఇంట్లో, ఏ మూల నిలబడి ఇదంతా గమనించారో!

“సోది సినిమా. మార్చేద్దాం,” అంటూ భర్త రిమోట్ ఎత్తాడు. మారిస్తే ఇది కూడా సగంలోనే పోతుంది.

“ఉండరా,” అంది అత్తగారు.

పేర్లు పడగానే కునుకు తీసే మనిషి, ఎప్పుడు లేచిందో, ముందుకి వంగి ఆ తలుపు కేసే చూస్తోంది. “అన్నేళ్లు లోపలుంది కదా ఆ పిల్ల. ఏం జరిగిందో చూపించరా?”

ఆవిడ పనులు చెప్పడమే గానీ, ఇలా ఒకటి అడగడం ఎవరూ ఎరగరు.

కోడలు వచ్చి భర్త చేతిలోంచి రిమోట్ తీసుకుంది. బొమ్మని ఆపింది. ఆడపడుచుని జరగమని, అత్తగారి పక్కన కూర్చుంది.

“చూపించరు అత్తయ్యా. మీరు చెప్పండి.”