మిగిలిన పది రోజులు

లితియానా భర్త సాకేయాసి పోయి ఎనభై ఆరు రోజులైంది. చేపలు పట్టే వంశానికి పెద్ద కాబట్టి, అతన్ని మట్టి చేసిన నాడే ఆ దీవి ఆచారం ప్రకారం ఊరి ముందు సముద్రంలో ఉన్న పగడపు దిబ్బ చుట్టూ గడలు పాతేశారు. నూరు రోజులు అక్కడ ఎవరూ వల వేయకూడదు. నూరో రోజున గడలు పీకి, పట్టిన చేపలతో ఊరంతా కలిసి తింటుంది. ఆడవాళ్లు లితియానా నల్లబట్టలు తీయించి రంగుబట్టలు కడతారు. ఆమె ఇంతవరకు ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. నల్లబట్టలు తీసేనాడు ఏడుస్తానులే అనుకుంది. ఏడుపుని కూడా వాయిదా వేసుకోవచ్చని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు.

ఈలోగా మెల్‌బోర్న్ నుంచి కాలేజీ పిల్లలు పద్నాలుగు మంది దిగారు. ఏటా దిగుతారు. భూమికి బరువు కాకుండా ఎలా బతకాలో నేర్చుకోవడానికి విమానమెక్కి, ఆపైన పడవెక్కి మరీ వస్తారు. పిల్లలు మంచివాళ్లే. ఊరి హాలు కప్పు మీద సోలార్ పలకలు బిగించారు, బడికి దీపాలు వెలిగించారు, కొబ్బరి తురమబోయి వేళ్లు తురుముకున్నారు. లితియానా ఇంట్లో దిగిన అమ్మాయి పేరు టామ్సిన్. రెండో రోజుకల్లా అమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. లితియానా ఆ పిల్లకి పెట్టేది, తిన్నాక తీసేది. అంతకు మించి ఆమెకేమీ పట్టలేదు.

పిల్లలకిచ్చిన పుస్తకంలో దిబ్బ గురించి ఒక పేజీ ఉంది. చేపల సంతతిని కాపాడే సంప్రదాయ పద్ధతి అని దానికి పేరు పెట్టారు. సాకేయాసి పేరు ఎక్కడా లేదు. వాళ్లను వెంటబెట్టుకొచ్చిన హెదర్ టీచరమ్మ రోజులు లెక్కేసుకుని, శనివారం తిరిగి వెళ్లిపోతున్నామని, గడలు పీకే ముచ్చట పిల్లలు చూడలేకపోతున్నారని ఊరిపెద్ద అపెనిసా దగ్గర తెగ బాధపడింది. అపెనిసా సాకేయాసికి తమ్ముడు. శుక్రవారమే పీకితే ఏం పోయిందన్నాడు. శుక్రవారానికి తొంభయ్యే అవుతాయి. అయితే దానికి వదిన మాట కావాలి.

మంగళవారం పొద్దున అతను ఎవరినైనా ఏదైనా అడిగేటప్పుడు ముందు పెట్టే యంగోనా వేళ్ల కట్ట పట్టుకుని వచ్చాడు. మామూలుగా అయితే గుమ్మంలోంచే వేళాకోళం మొదలయ్యేది. వదిన వండిన చేమదుంపలు తినే అన్నకి ముందు పళ్లు ఊడిపోయాయని ఊరంతా చెప్పిన మనిషి. ఆ రోజు మాత్రం మఠం వేసుకుని కూర్చుని, తల వంచి, పెద్దల భాషలో చాలాసేపు మాట్లాడాడు. లితియానా చెవుల్లో గొంతు పడింది గానీ మాట పడలేదు. అతను కట్టని ముందుకు జరిపాడు. ముప్పై ఏళ్ల అలవాటున ఆమె చేయి దానంతటదే వెళ్లి దాన్ని తాకింది. అరచేతులు గుల్లగా చేసి మూడు సార్లు చప్పట్లు కొట్టింది. కట్టని తాకితే అడిగింది ఇచ్చినట్టే. ఇచ్చాక వెనక్కి తీసుకున్నవాళ్లు ఆ ఊళ్లో లేరు.

తానేం ఇచ్చిందో సాయంత్రం టామ్సిన్ చెబితే గానీ ఆమెకు తెలియలేదు. ఆ పిల్ల సంబరంగా వచ్చి, కూరలో దుంప ముంచుకుంటూ అడిగింది.

"అమ్మా, శుక్రవారమే గడలు పీకుతారట! తొంభై రోజులకే చేపలు బాగా పెరిగాయట కదా. మరి నూరు దేనికి?"

"చేపలకి అన్ని రోజులు అక్కర్లేదే. మనుషులకి కావాలి."

టామ్సిన్ రాసుకోబోయి, ఆమె మొహం చూసి కలం కింద పెట్టేసింది. లితియానా తన మాట తనే విని అలాగే కూర్చుండిపోయింది. ఆ పది రోజులూ తనవి. నిద్రలో ఎవరికో ఇచ్చేసినట్టు ఇచ్చేసింది.

శుక్రవారం గడలు పీకారు. వలలు పైకి లాగలేనంత బరువెక్కాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీశారు, హెదర్ టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. ఆడవాళ్లు లితియానాని లోపలికి తీసుకెళ్లి నల్లబట్టలు విప్పించి నీలం పూల గౌను తొడిగారు. తొడుగుతూ వాళ్లే ఏడ్చారు. రావలసిన పడవ కోసం ఒడ్డున నిలబడ్డట్టు ఆమె ఏడుపు కోసం నిలబడింది. రాలేదు. ఇక రాదేమోనని భయమేసింది. ఇన్నాళ్లలో ఆమెకు తెలిసిన భయం అదొక్కటే.

శనివారం పిల్లల పడవ వెళ్లిపోయింది. లితియానా ఇంటికొచ్చి మళ్లీ నల్లబట్టలు కట్టుకుంది. కబురు క్షణాల్లో ఊరంతా పాకి అపెనిసా పరుగున వచ్చాడు.

"వదినా, తీసేసిన నలుపు మళ్లీ కడతారా ఎక్కడైనా? నలుగురూ ఏమనుకుంటారు?"

"మీకు తీరిపోయింది. నాకింకా తొమ్మిది రోజులున్నాయి."

"కట్ట తాకింది నువ్వే కదా."

"నా చెయ్యి తాకింది. నేను లేనప్పుడు చూసుకుని వచ్చావు."

అపెనిసా మెట్టు మీద కూలబడ్డాడు.

"పిల్లల కోసం కాదు వదినా. వాళ్లు వంక, అంతే. పొద్దున లేస్తే ఆ గడలు, వాటి మధ్య ఖాళీ నీళ్లు. అన్న లేడని రోజూ చెబుతుంటే చూడలేకపోయాను. తొందరగా అయిపోతే బాగుండనిపించింది."

ఆ ఖాళీ నీళ్లకేసి చూసేది తానొక్కతేనని ఆమె అనుకుంది. లోపలికి వెళ్లిపోయింది. అతను ఎప్పుడు లేచి వెళ్లాడో చూడలేదు.

ఆదివారం చర్చికి వెళ్లడమే గానీ వల ముట్టరు. సోమవారం తెల్లారేసరికి ఊళ్లోని పడవలన్నీ దిబ్బ మీదికి వెళ్లాయి, ఒక్క అపెనిసాది తప్ప. అతను నల్లచొక్కా తొడుక్కుని, తడి లేని వల భుజాన వేసుకుని వచ్చి వదిన మెట్టు మీద కూర్చున్నాడు.

"ఈ రోజు ఎన్నో రోజు వదినా?" అన్నాడు.

"తొంభై మూడు" అంది లితియానా. అని భోరుమంది.