ఎర్ర రంగు వెలిసేలోపు

నేను ఒక స్టాప్‌వాచీని. కీ ఇస్తే తిరిగే పాతరకం. మద్రాసులో సైన్సు పరికరాల దుకాణం నుంచి, నాగావళి ఒడ్డున ఒక చిన్న ఊరి డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుకు వచ్చిపడ్డాను.

ముప్ఫై ఏళ్లుగా నా పని ఒకటే. ఫ్లాస్కులోని ఎర్రటి ద్రావణంలో ఇంకో మందు కలపగానే రంగు వెలిసిపోవడం మొదలవుతుంది. నీళ్లలో రవ్వంత రాగి ఉన్నా చాలు, గబగబా వెలిసిపోతుంది. ఆ సెకన్లను బట్టి రాగి ఎంతుందో తేల్చాలి. పిల్లలు నన్ను నొక్కి కబుర్లలో పడతారు. చివరికి సీనియర్ల రికార్డు చూసి అంకె వేస్తారు. తిరగడం కన్నా అదే నన్ను ఎక్కువ అలసిపోయేలా చేసింది.

మొన్న ప్రాక్టికల్ పరీక్షలో సువ్వారి కుసుమ అనే అమ్మాయి నన్ను తీసుకుంది. ముందు రాగి కలపకుండా, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో చేసింది. పుస్తకం ప్రకారం నూటపది సెకన్లు పట్టాలి. నలభైకే రంగు పోయింది. మళ్లీ చేసింది. నలభై ఒకటి.

“మాస్టారూ, నీళ్లలోనే ఏదో ఉన్నాది,” అంది.

రెండు నెలల్లో రిటైరయ్యే పట్నాయక్ మాస్టారు తలెత్తలేదు. “ఆ వాచీ ముసలిదైపోయిందమ్మా. నూటపది రాసేసి శాంపిల్ పని చూడు.”

నాకు ఒళ్లు మండింది. కుసుమ నన్ను గోడగడియారంతో సరిచూసింది. తేడా లేదు. అటెండరు అప్పన్నను అడిగింది.

“ఆవిరి పట్టి ఈ నీళ్లు తీసే గొట్టం రాగిదే కదమ్మా. లోపల తగరం పూత ఎప్పుడో ఊడిపోనాది. సెప్పినాను, ఎవులూ ఇనుకోనేదు,” అన్నాడతను. జువాలజీ వాళ్ల గాజు గొట్టంలో తీసిన నీళ్లు సీసాడు పట్టుకొచ్చాడు.

వాటితో నూట ఎనిమిది. ఇంతలో గంట కొట్టారు. రాగి ఎంతుందో తేల్చమని పరీక్షకిచ్చిన శాంపిల్‌ను కుసుమ ముట్టుకోనే లేదు.

“ఆ నూటపది వేసేస్తే పాసైపోయేదానివి కదమ్మా!” అన్నారు మాస్టారు.

“రాని అంకె ఎలాగ రాస్తాను మాస్టారూ?” కళ్లు తుడుచుకుని పేపరిచ్చి వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక ఆయనే ల్యాబు నీళ్లు పోసి నన్ను నొక్కారు. ఇన్నేళ్లలో ఆయన వేలు నాకు తగలడం అదే మొదలు. నలభై. బీరువాలోంచి పాత రికార్డులు దించారు. ప్రతిదాంట్లో నూటపది, కింద ఆయన సంతకం. కుసుమ పేపరు దగ్గరకు లాక్కుని, ‘తప్పు ల్యాబు నీళ్లది’ అని రాసి పూర్తి మార్కులు వేశారు.

తర్వాత ఇంకోసారి మందు కలిపి, నన్ను నొక్కి, తన సంతకాలున్న రికార్డుల మీద చెయ్యి పెట్టి ఫ్లాస్కు వైపు చూస్తూ కూర్చున్నారు. రంగు పూర్తిగా వెలిసిపోయింది. ఆయన నన్ను ఆపలేదు.