అత్త పెట్టిన మెడికల్

ఖానాపూర్ కోమలకు పెళ్లయి మూడేళ్లయినా కడుపు పండలేదు. అందులో వింతేముంది? పెళ్లయిన నెలకే మొగుడు లక్ష్మణ్ దుబాయి విమానం ఎక్కాడు. సెలవు మీద వచ్చినా సగం రోజులు చుట్టాల దావతులకే సరిపోతాయి. అయినా ఊరి నోటికి మూత ఎక్కడుంది? ఆ నోటికి జడిసే, ఈసారి లక్ష్మణ్ పాత కంపెనీ విడిచి ఇంటికి రాగానే, అత్త యాదవ్వ బీడీల చాట పక్కనపెట్టి, కోడలిని నిర్మల్‌లో ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరు పేరు నౌషీన్. పరీక్షలు చేయించి, ఫలితం చూసి, ఇద్దరినీ దగ్గరికి కూర్చోబెట్టుకుంది.

"క్లమీడియా అని గర్భసంచి దారిల చేరే పురుగమ్మా ఇది. మొగుడు పెండ్లాల నడుమ అంటుకుంటది. నొప్పుండదు, మంటుండదు, శానామందికి ఉన్నట్టే ఎరుక గాదు. లోపలి పొరల దూరి దాక్కుంటది. దాన్ని పట్టనీకె ఒంట్లున్న సిపాయిలు ఉరికొస్తరు."

"మంచిదే గదా. పట్టి సంపనియ్యి," అంది యాదవ్వ.

"పురుగేమో లోపల నక్కి కూసుంటది. సిపాయిల దెబ్బలు మాత్రం ఇంటికి తగుల్తయి. సంచికి అటొకటి ఇటొకటి సన్నని గొట్టాలున్నయి. కొట్లాట మళ్ల మళ్ల అయితే అవి వాచి, మూసుకపోతయి. ఇంక పిల్లలు కష్టం."

"అంటే మా పాలోళ్ల పంచాయితే అన్నట్టు. పొలం గెట్టు కాడ వాళ్లు వాళ్లు కొట్టుకుంట మా మక్కచేనంత తొక్కిండ్రు."

డాక్టరు నవ్వింది. కోమలకు మాత్రం నవ్వు రాలేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది.

"ఫికర్ జెయ్యకు. ఇప్పటికైతే గొట్టాలు మంచిగనే కనవడ్తున్నయి. గోలీలు మింగితే పురుగు సస్తది. కానీ మీ ఆయన గూడ మింగాలె. ఒకసారి అచ్చిపోతే మళ్ల రాని రోగం గాదిది. ఆయన మింగకపోతే మళ్ల అంటుకుంటది, మళ్ల కొట్లాట షురూ. గోలీలు అయిపోయేదాంక ఎడమెడముగ పండుకోండ్రి."

ఇంటికొచ్చేసరికి లక్ష్మణ్ నెత్తురు పడుతుందని దానిమ్మ గింజలు నములుతున్నాడు. కారణముంది. కొత్త కంపెనీ వీసా కోసం కరీంనగర్‌లో మెడికల్‌కు, అంటే ఒంటి పరీక్షకు, పోవాలి. గల్ఫ్‌కు పోయే ఇళ్లలో 'అన్‌ఫిట్' అన్న మాటంటే ఉన్నంత భయం యముడన్నా ఉండదు. మెడికల్ దగ్గర పడిందంటే చాలు, కల్లు ముట్టడు, చల్లనీళ్లు తాగడు, తుమ్మొస్తే ముక్కు పట్టుకుని లోపలికే మింగుతాడు!

గోలీలు చూడగానే ఎగిరిపడ్డాడు. "నేను మింగ. మెడికల్‌ల దొరుకుతది. అన్‌ఫిట్ కొడ్తరు!"

"గోలీ మింగితే పురుగే సస్తదన్నది డాక్టరమ్మ. ఇంకేం దొరుకుతది?" అంది కోమల.

"డాక్టరమ్మకు వీసాల సంగతి ఏమెరుక? ఏజెంటు పరశురాములన్న సాఫ్ జెప్పిండు, మెడికల్ ముంగట సర్ది గోలీ గూడ ముట్టద్దని."

కోమలకు దుఃఖమూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "నీ వీసా ఒక్కటే ఫిట్టుండాల్నా? నా గొట్టాలు మూసుకపోతే పరశురాములన్న అచ్చి తెరుస్తడా? నాకు పిల్లలు గావాలె!"

లక్ష్మణ్ తల దించుకుని ఇంకో దానిమ్మ ఒలవడం మొదలుపెట్టాడు. సిగ్గులేని మనిషి!

యాదవ్వ కొడుకును ఒక చూపు చూసింది. "కోమలా, జర కుర్చీ దెచ్చి వాకిట్లెయ్యి. బట్టలు కుట్టే టేపు గూడ తే. గీ ఇంట్ల మెడికల్ నేను వెడ్త."

"అవ్వా, పాగలైనవా?"

"అంగీ ఇప్పు."

అవ్వ గొంతు అలా మారితే ఖానాపూర్‌లో ఎవరైనా సరే అంగీ విప్పాల్సిందే. యాదవ్వ కొడుకు కళ్లలో టార్చి కొట్టింది, నాలుక చాపించింది, చాతీ కొలిచింది. అంకె చదవడం రాకపోయినా పెదవి విరిచింది. రొట్టెల కర్రతో మోకాలి మీద ఒకటిచ్చింది.

"దగ్గు."

దగ్గాడు.

"ఇంకోపాలి. మంచిగ."

గోడ అవతల నుంచి పక్కింటి గంగుబాయి తల కనబడింది. కోమల ఏడుస్తూనే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇప్పుడు జెప్పు కొడుకా, పురుగు ఏడికెళ్లచ్చింది?"

లక్ష్మణ్ గోడ వైపు చూశాడు. గంగుబాయిని యాదవ్వ ఒక్క కసురుతో లోపలికి పంపింది. అప్పుడు చెప్పాడు.

"పెండ్లికి ముంగట... బొంబాయిల వీసా కోసం పడున్నప్పుడు... దోస్తుల తోని ఒక్కసారి పోయిన. గోలీ మింగితే గా తప్పు ఒప్పుకున్నట్టయితదని బుగులైంది. గోలీలకు అన్‌ఫిట్ కొడ్తరన్న ముచ్చట ఉత్తదే."

కోమల నవ్వు ఆగిపోయింది. అత్త చేతిలోని టేపు లాక్కుంది.

"నేను జెప్త అత్తా. అన్‌ఫిట్! గోలీలన్ని మింగినంక మళ్ల మెడికల్. అప్పటిదాంక పరుపు వాకిట్లనే."

అప్పటికప్పుడు వాళ్లిద్దరి ఎదుటే తొలి గోలీ మింగాడు. మింగగానే అన్నాళ్లుగా ఆపుకున్న తుమ్ములన్నీ వరసపెట్టి వచ్చాయి. కోళ్లు చెదిరి గంగుబాయి దొడ్లో పడ్డాయి.

కోమల తన గోలీలూ, అతని గోలీలూ పూటపూటకూ తన చేత్తోనే తీసింది. మాట్లాడింది తక్కువే. చివరి గోలీలు కూడా అయిపోయాక లక్ష్మణ్ కరీంనగర్ పోయాడు. మరునాడు బస్టాండు నుంచి ఫోను చేసి అరిచాడు. "కోమలా, ఫిట్ అచ్చింది!"

"అది వాళ్ల మెడికల్," అని పెట్టేసింది.

సాయంత్రం బస్సు దిగినవాడు తిన్నగా లోపలికి రాలేదు. వాకిట్లో కుర్చీ తానే వేసుకుని, అంగీ విప్పి కూర్చుని, ఎవరూ అడగకముందే దగ్గాడు.

కోమల టేపు పట్టుకుని బయటికొచ్చింది. "ఇంకేమన్న దాసినవా?"

"లే. నీ మీదొట్టు."

"నా మీదెందుకు, నీ వీసా మీదెయ్యి."

"వీసా మీదొట్టు."

"ఏమైందే, ఫిట్టేనా?" లోపల్నుంచి యాదవ్వ కేకేసింది.

"ఒళ్లు ఫిట్టే అత్తా. మాట సంగతి ఇంక జూడాలె."

అంటూనే వాకిట్లోని పరుపు చుట్టి లోపలికి తీసుకుపోయింది.